ఫార్మాటర్ టెస్టుకు జవాబు చేత్తో రాయాల్సిందే

డేటా తీసుకుని టెక్స్టు తిరిగిచ్చే ఫంక్షన్‌కి, అంటే ఫార్మాటర్‌కి, యూనిట్ టెస్టు (ఒక్క ఫంక్షన్‌ని విడిగా పరీక్షించే చిన్న కోడు) ఎలా రాయాలన్న చర్చ ఎక్కడ మొదలైనా, రెండో మాటకో మూడో మాటకో ఒక సలహా వచ్చి పడుతుంది. ఫంక్షన్‌ని ఒకసారి నడిపించు, వచ్చిన అవుట్‌పుట్‌ని ఫైల్లో దాచు, రేపట్నుంచి దాంతో పోల్చుకో. జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే జెస్ట్ అనే టూల్ 2016లో స్నాప్‌షాట్లు తెచ్చాక ఈ సలహాకి ఒక పేరూ, ఒక్క కమాండుతో పనైపోయే సుఖమూ దొరికాయి. గో భాషలో కోడు రాసేవాళ్లు గోల్డెన్ ఫైల్ అంటారు, పక్కనే పాత జవాబు మీద కొత్తది రాసేసే ఒక అప్‌డేట్ ఫ్లాగ్ పెట్టుకుంటారు. పేరు ఏదైతేనేం, జరిగేది ఒకటే: జవాబు ఫంక్షనే రాస్తుంది, టెస్టు దాన్ని నమ్ముతుంది. తన పేపరు తనే దిద్దుకున్నట్టు.

కొత్తగా రాస్తున్న ఫార్మాటర్‌కి ఇది తప్పుడు మొదలు అని నా వాదన. ఎక్స్‌పెక్టెడ్ టెక్స్టుని, అంటే రావాల్సిన జవాబుని, మనిషే టైపు చేయాలి, అదీ అవుట్‌పుట్ చూడకముందే. చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఇలా రాయడంలో అసలు లాభం టెస్టు పాసవడంలోనో ఫెయిలవడంలోనో లేదు. టైపు చేస్తూ చేస్తూ చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో అక్కడుంది.

మూడు వరుసలు, ఒక మొత్తం

ఒక నిల్వల జాబితా అనుకుందాం. ప్రతి రికార్డులో నాలుగు విషయాలు: వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, వాటి బరువు కిలోల్లో, చివరిసారి లెక్కపెట్టిన తేదీ. ఫంక్షన్ రికార్డుకొక వరుస రాసి, చివర మొత్తం బరువు ఇవ్వాలి. బరువుకి రెండు దశాంశ స్థానాలు. స్పెక్‌లో, అంటే ఫంక్షన్ ఏం చేయాలో చెప్పే కాగితంలో, ఇంతే ఉంది. చదవగానే అర్థమైపోయింది, ఇక కోడు రాసేయడమే అనిపిస్తుంది.

ఇప్పుడు టెస్టు కోసం మూడు రికార్డులు తీసుకుని, మూడింటి బరువూ 1.004 పెట్టి, రావాల్సిన టెక్స్టు రాయండి. తేదీని కాసేపు పక్కన పెడదాం.

బోల్టు | 12 | 1.00
నట్టు | 12 | 1.00
స్క్రూ | 40 | 1.00
మొత్తం | 64 |

ఇక్కడ చెయ్యి ఆగుతుంది. అసలు బరువులు కూడితే 3.012, రౌండ్ చేస్తే 3.01. కానీ ఈ కాగితం చేతిలో పట్టుకుని కూడుకున్న మనిషికి వచ్చేది 3.00. ఏది వేయాలి? రెండు పద్ధతులకీ న్యాయమైన కారణాలున్నాయి. బరువు బండికి సరిపోతుందో లేదో చూసుకునేవాళ్లకి మొదటిది కావాలి. వరుసలు కూడి సంతకం పెట్టేవాళ్లకి రెండోది కావాలి, లేదా "వరుసలు రౌండ్ చేసినవి" అని కింద ఒక ముక్కయినా ఉండాలి. తేల్చాల్సింది ప్రోగ్రామర్ కూడా కాదు, రిపోర్టు వాడేవాళ్లు. స్నాప్‌షాట్ దారిలో వెళ్లి ఉంటే కోడు ఏది కూడితే అదే ఫైల్లోకి ఎక్కేది. ఈ ప్రశ్న ఒకటుందని కూడా ఎవరికీ తట్టేది కాదు.

ఆగే చోట్లు ఇంకా ఉన్నాయి. జాబితా ఖాళీగా వస్తే ఏం రావాలి? ఖాళీ స్ట్రింగా, ఒక్క మొత్తం వరుసా, లేక "రికార్డులు లేవు" అన్న వాక్యమా? తేదీ లేని రికార్డుకి ఏం వేయాలి? ఏమీ చెప్పకపోతే పైథాన్ "నన్" అనే దాని సొంత మాటనీ, జావా "నల్" అనే మాటనీ నిక్షేపంగా టెక్స్టులో అచ్చేస్తాయి. చివరి వరుస తర్వాత న్యూలైన్ (వరుస అయిపోయిందని చెప్పే అక్షరం) ఉండాలా? యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ నిర్వచనం ప్రకారం వరుస అంటే న్యూలైన్‌తో ముగిసేదే, కాబట్టి ఫైల్లోకి రాసేదైతే ఉండాలి. అదే స్ట్రింగ్‌ని ప్రింట్‌కి ఇస్తే చివర ఒక ఖాళీ గీత అదనంగా వస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోవడం ముఖ్యం. ఎంచుకోని చోట రెండు మాడ్యూళ్లు చెరో న్యూలైన్ కలిపేస్తాయి, లేదా నువ్వు కలుపుతావనుకుని రెండూ వదిలేస్తాయి.

ఇన్‌పుట్ సరిగా ఎంచుకోకపోతే చేత్తో రాసినా దండగే

చాలా టెస్టుల్లో 1.5, 10, 100 లాంటి సంఖ్యలు కనిపిస్తాయి. రెండు దశాంశాలకి వీటిని ఏ పద్ధతిలో రౌండ్ చేసినా జవాబు ఒకటే. అలాంటి టెస్టు రౌండింగ్ గురించి ఏమీ చెప్పదు. దానికి బదులు 0.125 ఇచ్చి చూడండి. పైథాన్ ఫార్మాట్ 0.12 ఇస్తుంది, జావాస్క్రిప్ట్ టుఫిక్స్‌డ్ 0.13 ఇస్తుంది. ఏదీ బగ్గు కాదు. 0.125 బైనరీలో తేడా లేకుండా ఇముడుతుంది కాబట్టి ఇది నిజంగానే సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్య. పైథాన్ సరి అంకె వైపు మొగ్గుతుంది, జావాస్క్రిప్ట్ పెద్దదాని వైపు. సర్వర్‌లో ఒకటి, బ్రౌజర్‌లో ఒకటి అదే రిపోర్టు తయారు చేస్తుంటే ఒక పైసా, పది గ్రాముల తేడాలు పుట్టేది ఇక్కడే.

2.675 కథ వేరు. చూడ్డానికి ఇదీ మధ్యలోదే, కానీ బైనరీ ఫ్లోట్‌గా (సంఖ్యని రెండుల లెక్కలో దాచే రకం) దాచేటప్పుడు అది 2.675 కన్నా వెంట్రుకవాసి తక్కువ. అందుకే 2.67 వస్తుంది. ఎక్స్‌పెక్టెడ్‌లో 2.68 అని రాసి ఫెయిలైతే, "సరే, 2.67 అని మార్చేద్దాం" అనుకోవడం తేలిక. ఆ క్షణంలో అడగాల్సింది, ఈ విలువ ఫ్లోట్‌గా ఎందుకు వచ్చింది, పదుల లెక్కలోనే దాచే డెసిమల్‌గా ఎందుకు రాలేదు అని. రెండు సంఖ్యలూ టెస్టులో ఉండాలి. ఒకటి రౌండింగ్ నియమాన్ని పట్టిస్తుంది, రెండోది డేటా టైపుని.

ఇంకొకటి, చిన్న రుణ సంఖ్య. –0.001ని రెండు దశాంశాలకి అచ్చేస్తే చాలా భాషల్లో "-0.00" వస్తుంది. రిపోర్టు చదివేవాళ్లు దీని గురించి ఫోన్ చేస్తారు, తప్పకుండా చేస్తారు. పైథాన్ 3.11లో ఈ రుణ గుర్తు తీసేయడానికి ఫార్మాట్‌లోనే ఒక ఆప్షన్ పెట్టారంటే ఇది ఎంతమందిని విసిగించిందో ఊహించుకోవచ్చు.

తేదీల్లో 05-05 అంత పనికిరాని ఇన్‌పుట్ లేదు. రోజు, నెల తారుమారైనా టెస్టు పాసవుతుంది. రోజు 12 దాటాలి, నెల ఒక అంకెది కావాలి. అప్పుడు వరుస తప్పినా, ముందు సున్నా పోయినా పట్టుబడుతుంది. రోజుకి సున్నా చూడటానికి ఇంకో తేదీ. జావా వాడేవాళ్లు వీటితో పాటు 2024 డిసెంబర్ 30ని కూడా పెట్టుకోవాలి. తేదీ ప్యాటర్న్‌లో చిన్న వై బదులు పెద్ద వై పడితే అది మామూలు సంవత్సరం కాదు, వారాల లెక్కన వచ్చే సంవత్సరం. ఆ రోజు మొదలైన వారం 2025 ఖాతాలోది కాబట్టి డిసెంబర్ 30, 2025 అని అచ్చవుతుంది. ఏడాది మధ్యలో తేదీ ఏది ఇచ్చినా ఈ బగ్గు కనబడదు. స్నాప్‌షాట్‌లో జూన్ తేదీ ఉంటే డిసెంబర్‌లో కూడా టెస్టు హాయిగా పాసవుతూనే ఉంటుంది.

"ఈ రోజు" అన్నది ఫంక్షన్ లోపల అడగకూడదు, బయట్నుంచి ఇవ్వాలి. ఇది అందరికీ తెలిసిందే. టైమ్ జోన్‌కీ, లోకేల్‌కీ (భాషని, దేశాన్ని బట్టి సంఖ్యలూ తేదీలూ ఎలా రాయాలో చెప్పే సెట్టింగ్) అదే నియమం. జావాలో స్ట్రింగ్ ఫార్మాట్‌కి లోకేల్ ఇవ్వకపోతే నడిచే మెషీన్‌ది తీసుకుంటుంది. జర్మన్ మెషీన్‌లో 1.50 కాస్తా 1,50 అవుతుంది.

కనబడని అక్షరాలు

ఇక నా వాదనకి అడ్డొచ్చే సంగతి. 2023లో జావా కొత్త వెర్షన్ జేడీకే 20 వచ్చినప్పుడు ఇంగ్లిష్ లోకేల్‌లో టైమ్ ఫార్మాట్ చేసే టెస్టులు ఉన్నట్టుండి విరిగాయి. ఫెయిల్యూర్ మెసేజ్‌లో రావాల్సింది 3:30 పీఎం, వచ్చింది 3:30 పీఎం. ఎంతసేపు చూసినా తేడా కనబడదు. లోకేల్ డేటా సీఎల్‌డీఆర్ (యూనికోడ్ వాళ్ల లోకేల్ సమాచార భండారం) 42వ వెర్షన్‌కి మారింది, దాంతో అంకెకీ పీఎంకీ మధ్య మామూలు స్పేస్ పోయి యు+202ఎఫ్ అనే సన్నటి, విడిపోని స్పేస్ వచ్చింది. చేత్తో రాసినవాళ్లు ఒక్కో టెస్టూ వెతికి మార్చుకోవాల్సి వచ్చింది. స్నాప్‌షాట్ పెట్టుకున్నవాళ్లు అప్‌డేట్ కమాండ్ కొట్టి భోజనానికి వెళ్లిపోయారు.

మరి ఎవరు నెగ్గారు? ఆ టెక్స్టుని ఇంకో ప్రోగ్రామ్ మామూలు స్పేస్ ఉంటుందనే ధీమాతో చదువుతుంటే, టెస్టు విరగడం ఆ ప్రోగ్రామ్ కూడా విరగబోతోందన్న సమాచారం. అప్‌డేట్ కమాండ్ ఆ సమాచారాన్ని చెరిపేసింది. టెక్స్టుని మనుషులు మాత్రమే చదువుతారనుకుంటే, నిజమే, చేత్తో మార్చుకున్నవాళ్ల శ్రమ వృథా. ఈ సందర్భంలో స్నాప్‌షాట్ వాళ్లకే మార్కులు వేస్తాను. కాకపోతే లైబ్రరీ ఇచ్చే టెక్స్టుని మనం టెస్టు చేయడమే అక్కడ అసలు పొరపాటు. టైమ్ ఎలా కనబడాలో మనకి పట్టింపు ఉంటే ప్యాటర్న్ మనమే ఇవ్వాలి. పట్టింపు లేకపోతే దాని మీద అసర్ట్ (ఇది ఇలాగే ఉండాలని టెస్టులో పెట్టే షరతు) పెట్టకూడదు.

తెలుగులో డేటా ఉన్నవాళ్లకి ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. పొల్లుతో ముగిసే మాట చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని అక్షరం ఉన్నా లేకపోయినా తెర మీద ఒకేలా ఉంటుంది, పోలిస్తే మాత్రం వేరు. అందుకే స్ట్రింగ్‌లు పోల్చే అసర్ట్ ఫెయిలైనప్పుడు రెండింటినీ ఎస్కేప్ రూపంలో, అంటే కోడ్ పాయింట్లు (ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన నంబర్లు) కనబడేలా అచ్చేయించడం మొదట చేయాల్సిన పని. రెండు టెక్స్టుల తేడా చూపే డిఫ్ టూల్ ఎంత అందంగా రంగులేసినా కనబడని అక్షరానికి రంగు అంటదు.

ఫైళ్ల విషయంలో రెండు ముక్కలు. వరుస చివరి స్పేస్‌లని చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కత్తిరించేస్తాయి. ఎక్స్‌పెక్టెడ్‌లో అలాంటి స్పేస్ ఉండాల్సి వస్తే దాన్ని ఎస్కేప్‌గా రాయండి. ఇక విండోస్‌లో గిట్ (కోడు మార్పులు దాచిపెట్టే టూల్) సెట్టింగ్‌ని బట్టి గోల్డెన్ ఫైళ్ల వరుసాంతాలు చెకౌట్‌లోనే, అంటే ఫైళ్లు మెషీన్‌లోకి తెచ్చుకునేటప్పుడే, మారిపోతాయి. ఆ ఫోల్డర్‌ని ముట్టుకోవద్దని గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో చెప్పి పెట్టాలి. సీఎస్‌వీకి (విలువల్ని కామాలతో విడదీసి రాసే టెక్స్టు పట్టిక) ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని పద్ధతి రాసిపెట్టిన పత్రం, 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4180, వరుసాంతానికి రెండు అక్షరాలూ, అంటే క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ కావాలంటుంది.

నిలువు గీత తిన్నగా వస్తుందా

పై జాబితాలో నిలువు గీతలు వాడింది ఊరికే కాదు. పేరుకి పది కాలమ్‌లు ఇచ్చి, మిగిలింది స్పేస్‌లతో నింపుదామంటే "స్క్రూ" ఎంత వెడల్పు అన్న ప్రశ్న వస్తుంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. కోడ్ పాయింట్లు ఆరు: స, పొల్లు, క, పొల్లు, ర, ఊత్వం. కంటికి ఒక్క అక్షరం. గ్రఫీమ్ క్లస్టర్లుగా, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనబడే గుంపులుగా, లెక్కపెట్టే లైబ్రరీలు పాత నియమాల ప్రకారం మూడు అంటాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు అమలు చేసేవి ఒకటి అంటాయి. అంటే లైబ్రరీ వెర్షన్ మారితే మన కాలమ్‌లు కదులుతాయి. పోనీ సరిగ్గా లెక్కపెట్టినా, ఆ ఒక్క అక్షరం ఫాంటులో ఎంత చోటు తీసుకుంటుందో క్లస్టర్ల లెక్కకి తెలియదు.

లెంగ్త్ ఫంక్షన్‌తో ప్యాడింగ్ చేసే కోడుకి "అ, ఆ, ఇ" లాంటి పేర్లతో టెస్టు రాస్తే ఎప్పటికీ పాసవుతుంది. ఒత్తులున్న ఒక్క పేరు పెడితే చాలు, టైపు చేస్తుండగానే గీత వంకర కనబడుతుంది. నా మట్టుకు, ఇలాంటి లిపులకి సాదా టెక్స్టులో స్పేస్‌లతో వరుస కలపాలనుకోవడమే అత్యాశ. విభజన గుర్తు పెట్టి, వరుస కలిపే పని చూపించేవాళ్లకి వదిలేయడం మేలు.

నాలుగొందల వరుసల అభ్యంతరం

చేత్తో రాయడం మీద మామూలుగా వచ్చే అభ్యంతరం, అవుట్‌పుట్ నాలుగొందల వరుసలుంటే ఎవడు టైపు చేస్తాడని. ఎవడూ చేయడు, చేయకూడదు కూడా. నాలుగొందల వరుసలు టెస్టు చేయాల్సి వస్తోందంటే ఫంక్షన్ ఒకే ముద్దగా ఉందని అర్థం. ఒక విలువని టెక్స్టు చేసే చిన్న ఫంక్షన్లు వేరుగా, ఒక రికార్డుని వరుస చేసేది వేరుగా, వరుసలు కలిపేది వేరుగా ఉంటే టెస్టులు వాటంతటవే పంచుకుపోతాయి. విలువలకి పదుల కొద్దీ టెస్టులు, ఒక్కోటి ఒక్క గీత. వరుసకి మూడో నాలుగో. మొత్తం టెక్స్టుకి సున్నా రికార్డులతో ఒకటి, ఒకదానితో ఒకటి, మూడింటితో ఒకటి. మూడు ఎందుకంటే విభజన గుర్తు చివర్లో అదనంగా పడటం, మధ్యలో పడకపోవడం లాంటివి ఒక్క రికార్డుతో సరిగా బయటపడవు.

టెస్టులు పెళుసుగా ఉంటాయి, శీర్షికలో ఒక మాట మారిస్తే నలభై విరుగుతాయి అన్న ఫిర్యాదుకీ మందు ఇదే. ప్రతి టెస్టులో మొత్తం టెక్స్టుని పోల్చడం వల్ల వచ్చిన జబ్బు అది. దీనికి కొందరు ఇంకో వైద్యం చేస్తారు: మొత్తం పోల్చకుండా, "అవుట్‌పుట్‌లో 1.00 ఉందా" అని మాత్రం చూస్తారు. 11.00లో 1.00 ఉంది. –1.00లోనూ ఉంది. విలువ ఫంక్షన్‌ని విడిగా పిలిచి సమానత్వం చూడటం అంతే తేలిక, అంతకన్నా గట్టిది.

దీనికంటే చెడ్డ అలవాటు, ఎక్స్‌పెక్టెడ్‌ని టెస్టులోనే లూపు పెట్టి, అదే ఫార్మాట్ స్ట్రింగ్‌తో తయారు చేయడం. ఫంక్షన్‌ని ఇంకోసారి రాసి దాన్ని దానితోనే పోలుస్తున్నట్టు. కొటేషన్ల మధ్య ఉన్న అక్షరాలు తప్ప ఎక్స్‌పెక్టెడ్‌లో ఇంకేమీ ఉండకూడదు.

చేత్తో రాయడం చాలని చోటు

ఎస్కేపింగ్ దగ్గర, అంటే ప్రత్యేక అర్థమున్న గుర్తుల్ని మామూలు అక్షరాలుగా చదివేలా మార్చి రాసే చోట, నా పద్ధతి నిజంగానే కుంటుతుంది. కోడు రాసినవాడే టెక్స్టూ రాస్తే ఒకే అపోహ రెండు చోట్లా చేరుతుంది. సీఎస్‌వీలో కొటేషన్ గుర్తుకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలనుకునేవాడు టెస్టులోనూ బ్యాక్‌స్లాషే పెడతాడు, పాసవుతుంది. ఆర్‌ఎఫ్‌సీ ప్రకారం మాత్రం గుర్తుని రెండుసార్లు రాయాలి. హెచ్‌టీఎంఎల్‌లో యాంపర్‌శాండ్‌ని మిగతా గుర్తులన్నిటికన్నా ముందు మార్చాలి. చివర మారిస్తే అంతకుముందు వేసిన ఎస్కేప్‌ల్లోని యాంపర్‌శాండ్లు మళ్లీ ఎస్కేప్ అవుతాయి.

ఇక్కడ కావాల్సింది మన అపోహలు తెలియని మూడో మనిషి, అంటే వేరేవాళ్లు రాసిన పార్సర్ (టెక్స్టుని తిరిగి డేటాగా చదివే కోడు). కామా, కొటేషన్, న్యూలైన్ మూడూ ఉన్న పేరుని ఫార్మాట్ చేసి, ఆ పార్సర్‌తో తిరిగి చదివించి, మొదటి పేరే వచ్చిందా అని చూడాలి. 2000లో క్విక్‌చెక్ అనే టూల్‌తో మొదలైన ప్రాపర్టీ టెస్టింగ్, అంటే ఎన్నో ఇన్‌పుట్లు పుట్టించి ఒక నియమం నిలుస్తుందా అని చూడటం, ఈ పనికి చక్కగా అమరుతుంది. పైథాన్‌లో హైపోథెసిస్ లాంటివి మనకి తట్టని స్ట్రింగ్‌లు వందల కొద్దీ పుట్టించి ఇస్తాయి. తిరిగి చదివే కోడు మనమే రాస్తే మాత్రం లాభం లేదు, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సీఎస్‌వీ నుంచి తిరిగొచ్చేవన్నీ స్ట్రింగ్‌లేనని, ఖాళీ పేరుకీ లేని పేరుకీ అక్కడ తేడా మిగలదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ తేడా కావాలంటే మళ్లీ చేత్తో రాసిన టెస్టే దిక్కు.

స్పెక్ లేని, రాసినవాళ్లు వెళ్లిపోయిన పాత కోడుని చక్కదిద్దేటప్పుడు స్నాప్‌షాట్ సరైన పనిముట్టే. అక్కడ ఏది సరి అన్న ప్రశ్నే లేదు, నిన్న వచ్చిందే ఇవాళా రావాలి. ఫైలు పేరులోనే ఆ సంగతి ఉంటే మంచిది, "సరైనది" అని కాకుండా "ఉన్నది" అని. అలాగే మ్యాప్‌ల (పేరుకి విలువని జత చేసి దాచే పట్టికలు) మీద తిరిగే కోడుకి స్నాప్‌షాట్ పెట్టేముందు క్రమం స్థిరంగా ఉందో లేదో చూసుకోవాలి. గోలో మ్యాప్ మీద లూపు క్రమం కావాలనే మారుస్తారు. పైథాన్‌లో డిక్షనరీ చేర్చిన క్రమం 3.7 నుంచి భాషే హామీ ఇస్తోంది, కానీ స్ట్రింగ్‌ల సెట్ క్రమం ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ మారవచ్చు.

టెస్టులు రాయడం అయ్యాక వాటిని కూడా ఒకసారి పరీక్షించాలి. దీనికి టూల్ అక్కర్లేదు. రెండు దశాంశాలని మూడు చేయండి, రోజు నెల తారుమారు చేయండి, కొటేషన్‌ని రెట్టించే గీత తీసేయండి, ఒక్కోసారి ఒక్కటే. ప్రతిసారీ ఒక విలువ టెస్టు విరగాలి. మొత్తం టెక్స్టు టెస్టు ఒక్కటే విరిగితే ఆ విలువకి సొంత టెస్టు లేదన్నమాట. ఏదీ విరగకపోతే కోడు జోలికి పోకుండా ముందు ఇన్‌పుట్లు చూడండి. చాలాసార్లు పేర్లలో ఎక్కడా కొటేషన్ ఉండదు, తేదీలన్నీ 01-01గా ఉంటాయి.